కొండ ఎక్కండి, గనిలోకి మాత్రం దిగొద్దు

జియోక్యాషింగ్, అంటే ఎవరో దాచిన పెట్టెని జీపీఎస్ సాయంతో వెతికే ఆట, దాని మీద ఈసారి ఉత్తరాలు చాలానే వచ్చాయి, అందులోనూ సగానికి పైగా పాత గనుల గురించే. అందుకని వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో ఎం.ఎస్. చేస్తున్నాడు. శని, ఆదివారాలు వస్తే చాలు, రూమ్మేట్లతో కలిసి కొండల్లో మూతపడ్డ గనుల దగ్గరికి పోయి ఏదో డబ్బా వెతుకుతున్నామంటాడు. మొన్న వీడియో కాల్‌లో వాడి వెనకాల చీకటిగా ఒక సొరంగం కనిపించింది. అడిగితే "అమ్మా, ఇది జియోక్యాషింగ్, లక్షల మంది ఆడతారు" అని నవ్వేశాడు. మా వారేమో లంకెబిందెలు దొరికితే మన హోమ్‌లోన్ తీరిపోతుందిలే అని జోకులు. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అసలు ఇదేం ఆట? వాణ్ని మానేయమని చెప్పమంటారా?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ఆట సంగతి వేరు, గని సంగతి వేరు. ఆటను చూసి మీరు భయపడక్కర్లేదు. గని విషయంలో మాత్రం మీ భయం నిజమే, దాన్ని అలాగే ఉంచుకోండి.

2000 సంవత్సరం దాకా మామూలు జనం చేతిలో ఉండే జీపీఎస్ సుమారు వంద మీటర్ల వరకు తప్పు చూపించేది. పరికరం లోపం కాదు, అమెరికా ప్రభుత్వమే కావాలని సిగ్నల్‌ని చెడగొట్టి వదిలేది, ఖచ్చితమైన సిగ్నల్ సైన్యానికి మాత్రమే ఉండాలని. ఆ ఏడాది మే 2న ఆ అడ్డు తీసేశారు. మర్నాడే ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన బీవర్‌క్రీక్ ఊరి దగ్గర ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్ దాచిపెట్టి, అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో ఒక లాగ్‌బుక్కు, పెన్సిలు, కొన్ని పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా. దొరికినవాళ్లు ఏదో ఒకటి తీసుకోండి, ఏదో ఒకటి పెట్టండి, బుక్కులో రాసి వెళ్లండి అన్నాడు. కొద్దిరోజుల్లోనే ఒకతను వెతికి పట్టుకున్నాడు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి అలాంటి పెట్టెలు 30 లక్షలకు పైనే ఉన్నాయి. కాబట్టి మీ వారికి చెప్పండి, అందులో దొరికేది మహా అయితే ఒక కీచైన్. లంకెబిందెల మీద అంత ఆశ ఉంటే తొలకరి పడ్డాక జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతికే జనంలో కలవడం నయం, అక్కడ కనీసం అప్పుడప్పుడు ఎవరికో ఒకరికి దొరుకుతుంటాయి.

ఇక కొలరాడోలో అన్ని పాడుబడ్డ గనులు ఎందుకున్నాయంటే దానికో కథ ఉంది, అందులో మన దేశానికీ ఒక వాటా ఉంది. 1859 ప్రాంతంలో అక్కడ బంగారం కోసం జనం ఎగబడ్డారు, తర్వాత వెండి దొరికింది, కొండల మీద ఊళ్లకు ఊళ్లు లేచాయి. 1893 జూన్‌లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తన టంకశాలల్లో ఎవరు వెండి తెచ్చినా రూపాయలు కొట్టి ఇచ్చే పద్ధతి ఆపేసింది. ప్రపంచంలో వెండికి పెద్ద గిరాకీ మన రూపాయే కాబట్టి ధర ఒక్కసారిగా పడిపోయింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం కూడా వెండి కొనే చట్టాన్ని రద్దు చేసింది. గనులు వరసగా మూతపడ్డాయి, కూలీలు మూటాముల్లె సర్దుకుని పోయారు, గుంతలూ సొరంగాలూ అలాగే మిగిలిపోయాయి. ఆ తర్వాత మూసినవీ కలుపుకుంటే ఆ ఒక్క రాష్ట్రంలోనే పాత గనులు సుమారు 23 వేలు అని అక్కడి ప్రభుత్వ అంచనా. కొన్నింటికి ఇనప జాలీలు వేశారు, గబ్బిలాలు మాత్రం లోపలికీ బయటికీ తిరిగేలా సందులు వదిలి. వేయనివి ఇంకా చాలా ఉన్నాయి.

ఆ సొరంగాల్లో ఏముంటుందో చెప్పాలంటే, మనుషుల్ని చంపేవాటిలో చాలావరకు కంటికి కనిపించవు. పైకప్పుకు ఆనించిన దుంగలు నూరేళ్ల నాటివి, చూడ్డానికి గట్టిగా ఉంటాయి, లోపల పుచ్చిపోయి ఉంటాయి. సొరంగం మధ్యలో కిందికి దిగే నిలువు బావులుంటాయి, వాటి మీద చెక్కలు పరిచి వదిలేస్తారు, ఆ చెక్కల మీద దుమ్మూ రాళ్లూ పేరుకుని మామూలు నేలలా కనబడుతుంది. నీళ్లు నిండిన బావైతే పైన చూస్తే చిన్న మడుగు, లోతు ఎంతో ఎవరికీ తెలియదు. పేలకుండా మిగిలిపోయిన డైనమైట్ ఉంటుంది, అది పాతబడితే నైట్రోగ్లిజరిన్ చెమటలా బయటికి ఊరి, తాకినా పేలే స్థితికి వస్తుంది. గాలి సంగతి కింద ఇంకో ప్రశ్నకు విడిగా రాశాను. అమెరికాలో గనుల భద్రత చూసే శాఖ పిల్లల కోసం, కుర్రాళ్ల కోసం "బయటే ఉండండి, బతికి ఉండండి" అని ఏళ్ల తరబడి ప్రచారం చేస్తోంది ఇందుకే.

నీళ్ల సంగతి కూడా. 2015 ఆగస్టు 5న కొలరాడోలోనే సిల్వర్టన్ ఊరి దగ్గర గోల్డ్ కింగ్ అనే పాత గనిలో, అమెరికా పర్యావరణ శాఖ తరఫున పనిచేస్తున్నవాళ్లు తవ్వుతుండగా లోపల పేరుకున్న నీళ్లు కట్ట తెంచుకున్నాయి. 30 లక్షల గ్యాలన్ల ఆమ్లపు నీళ్లు, సీసమూ ఆర్సెనిక్ లాంటివి కలిసినవి, యానిమస్ నదిలో పడి నది మొత్తం పసుపు రంగుకి తిరిగింది. నిపుణులు యంత్రాలతో వెళ్తేనే అట్లా అయింది. కాబట్టి గని దగ్గర వాగు ఎంత తేటగా కనిపించినా ఆ నీళ్లు తాగొద్దనండి, గని బయట గుట్టలుగా పోసిన మట్టి మీద కూర్చుని సాండ్‌విచ్ తినొద్దనండి.

ఇంత రాశాక కూడా మానేయమనే సలహా నేను ఇవ్వను. మానేయమంటే మానడు, చెప్పడం మానేస్తాడు. ఈ ఆటలో ప్రతి పెట్టెకీ ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఉంటుంది, దాని మీద రెండు అంకెలుంటాయి, వెతకడం ఎంత కష్టం, అక్కడికి చేరడం ఎంత కష్టం అని, రెండూ 1 నుంచి 5 దాకా. రెండో అంకె 5 ఉంటే తాడో, పడవో, ఏదో ప్రత్యేక సామాను కావాలని అర్థం. ఆ పేజీ మీకు పంపమనండి. పెట్టె గని బయట ఉందా, లోపల ఉందా అన్నది అందులో తెలిసిపోతుంది. గనుల పేరుతో ఉన్న పెట్టెల్లో ఎక్కువ భాగం బయటే ఉంటాయి, పాత మిల్లు గోడ దగ్గరో, తుప్పు పట్టిన ట్రాలీ పక్కనో, లోయ బాగా కనిపించే మలుపులోనో. అలాంటివి ఎన్నైనా వెతుక్కోనివ్వండి. లోపల ఉందంటే వదిలెయ్యమనండి, ఆ ఒక్క మాట మీద మాత్రం గట్టిగా నిలబడండి.

రెండోది, ఆ గనుల్లో చాలా వాటికి ఇప్పటికీ యజమానులున్నారు. 1872 నాటి గనుల చట్టం కింద పట్టా తీసుకున్న భూములు చేతులు మారుతూ వస్తున్నాయి, బోర్డు ఉన్నచోట దాటితే అది అక్రమ ప్రవేశం. స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లాడికి కీచైన్ కోసం పోలీసు కేసు అవసరమా? మూడోది వాతావరణం. సిల్వర్టన్ ఊరే సుమారు 2,800 మీటర్ల ఎత్తులో ఉంది, గనులు ఇంకా పైన. ఎండాకాలంలో అక్కడ మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులు మామూలు, అందుకని పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నానికల్లా చెట్లు ఉన్న ఎత్తుకి దిగిపోవాలి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే పట్టుదలకు పోకుండా దిగిపోవాలి. బయల్దేరే ముందు ఎక్కడికి, ఎన్నింటికి తిరిగొస్తామో కొండకు రాని ఒకరికి చెప్పి వెళ్లాలి, ఎందుకంటే అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. ఆ ఒకరు మీరే కావాలని లేదు, మీరు హైదరాబాద్‌లో కూర్చుని ఏం చేయలేరు, అక్కడ ఉన్న ఫ్రెండ్ అయితే మేలు.

ప్రశ్న: పాత గనిలో గాలి బాగుందో లేదో తెలుసుకోవడానికి అగ్గిపుల్ల వెలిగించి చూస్తే సరిపోదా? మా రూమ్‌లో కోవిడ్ టైంలో కొన్న ఆక్సీమీటర్ కూడా ఉంది, అది వేలికి పెట్టుకుని వెళ్తే ఎలా ఉంటుంది?
— బీటెక్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఐడియా బానే ఉంది గానీ రెండూ పనికిరావు బాబూ.

అగ్గిపుల్ల సంగతి ముందు. బొగ్గు గనిలో మీథేన్ ఉంటుంది, గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. అందుకే 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగ జాలీ ఉన్న దీపం తయారుచేశాడు, అప్పటిదాకా కార్మికులు మామూలు దీపాలతో దిగి చచ్చిపోయేవాళ్లు. నువ్వు రెండు వందల ఏళ్లు వెనక్కి పోతానంటున్నావు. పోనీ లోహపు గని, మీథేన్ లేదు అనుకుందాం. అక్కడ సమస్య ఆక్సిజన్ తగ్గిపోవడం. రాతిలోని పైరైట్ లాంటి ఖనిజాలు, కుళ్లే చెక్క, రెండూ గాలిలోని ఆక్సిజన్‌ని మెల్లగా వాడేసుకుంటాయి. మామూలు గాలిలో అది 21 శాతం. మన దేశంలో గనుల నిబంధనల ప్రకారం మనుషులు పనిచేసే చోట 19 శాతానికి తగ్గకూడదు. మంట ఆరిపోయేది 16 శాతం దగ్గర. అంటే నీ అగ్గిపుల్ల నిక్షేపంగా వెలుగుతుంటే కూడా నువ్వు చట్టం ఒప్పుకోని గాలిలో ఉండొచ్చు. ఇంకా కిందికి, 10 శాతం లోపుకి పోతే మనిషి స్పృహ తప్పుతాడు, హెచ్చరిక ఏమీ ఉండదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. ఎందుకంటే మనకు ఉక్కిరిబిక్కిరి అనిపించేది ప్రధానంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు, ఆక్సిజన్ తగ్గినప్పుడు కాదు.

ఆక్సీమీటర్ నీ రక్తం సంగతి చెప్తుంది, ముందున్న మలుపులో గాలి సంగతి చెప్పదు, చెప్పేది కూడా కాస్త ఆలస్యంగా చెప్తుంది. పైగా కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవాడి వేలికి పెడితే అది 98 అనో 99 అనో చూపించొచ్చు, ఎందుకంటే ఆ మామూలు పరికరానికి రక్తంలో ఆక్సిజన్‌కీ మోనాక్సైడ్‌కీ తేడా తెలియదు. ఇక కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కే మొద్దుబారిపోతుంది, వాసన పోయింది కదా అని ముందుకు నడిచేస్తారు.

గనుల్లో పనిచేసేవాళ్లు నాలుగు వాయువులు కొలిచే డిటెక్టర్ పట్టుకుని, పైన ఫ్యాను నడుస్తుండగా దిగుతారు. మూతపడ్డ గనిలో ఫ్యానే ఉండదు. ఒకడు పడిపోతే కాపాడదామని పరిగెత్తిన రెండోవాడూ పడిపోవడం గనుల్లోనే కాదు, మన మ్యాన్‌హోళ్లలోనూ పాడుబడ్డ బావుల్లోనూ పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ప్రశ్న: మేం గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. టీమ్ ఔటింగ్‌కి కొత్తగా ఏదైనా చేద్దామని జియోక్యాషింగ్ అనుకున్నాం. హైదరాబాద్ నుంచి వెళ్లి రాగలిగే దూరంలో పాడుబడ్డ గని ఏదైనా చెప్తే అక్కడే ఒక పెట్టె పెడతాం.
— టీమ్ తరఫున ఒకరు

జవాబు: గని పేరు చెప్పను. మీరెలాగూ వెతుక్కుంటారు కాబట్టి ఎందుకు చెప్పనో చెప్తాను.

ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది, సింగరేణి పుట్టిందే అక్కడ. ఆ చుట్టుపక్కల పాత భూగర్భ గనులు మూతపడ్డాయి గానీ కంపెనీ ఆస్తి కాకుండా పోలేదు. బొగ్గు తీసేసిన చోట నేల ఎప్పుడైనా కుంగొచ్చు, కాబట్టి గనిలోకి దిగకుండా పైన నడిచినా క్షేమమని చెప్పలేం. రాయలసీమలో రామగిరి బంగారు గనులు, కాస్త దూరం పోతే 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డ కోలార్ గనులు, మూడు కిలోమీటర్లకు పైగా లోతు. ఇవేవీ ఔటింగ్ స్పాట్లు కావు. కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు గని అయితే పులిచింతల రిజర్వాయర్ నీళ్ల కింద ఉంది, ఆ ఐడియా కూడా వదిలేయండి. అన్నిటికంటే దగ్గర్లో ఉన్న ప్రమాదం సిటీ చుట్టూ ఉన్న క్వారీ గుంతలు. రాయి తీసేసి వదిలేశారు, వర్షం నీళ్లు నిండి ఆకుపచ్చగా, ఫోటోకి బ్రహ్మాండంగా ఉంటాయి. గట్టు నిట్టనిలువుగా ఉంటుంది, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఈతకు దిగి పోయిన పిల్లల వార్త ప్రతి ఎండాకాలం వస్తుంది.

ఇంకో మాట, ఇది హైదరాబాద్. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్, ఈ రెండు తేదీల్లో బాంబు పేలుళ్లు చూసిన ఊరు. ఇక్కడ బస్టాండులోనో ఫ్లైఓవర్ కిందో టేపు చుట్టిన డబ్బా కనిపిస్తే జనం లాగ్‌బుక్కు కోసం వెతకరు, 100కి ఫోన్ చేస్తారు, చేయాలి కూడా. కాబట్టి రైల్వే, మెట్రో స్టేషన్లు, కంటోన్మెంటు భూములు, గుళ్లు, మసీదులు, స్కూళ్లు, వీటి దరిదాపుల్లో వద్దు. పారదర్శకంగా ఉండే డబ్బా వాడండి, పైన ఇదేమిటో తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో రాయండి.

ఆట నియమాలు కూడా కొన్ని ఉన్నాయి. స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి ఉండాలి, గుంత తవ్వి పాతిపెట్టకూడదు, ఇంకో పెట్టెకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి, తర్వాత వెళ్లి బాగుచేస్తూ ఉండాలి. ఔటింగ్‌లో పెట్టేసి మర్చిపోతే అది చెత్త, అంతే. అమ్రాబాద్, కవ్వాల్ లాంటి టైగర్ రిజర్వుల్లో అయితే అటవీశాఖ అనుమతి లేకుండా మీరే లోపలికి పోకూడదు, డబ్బా సంగతి తర్వాత.

నన్నడిగితే మీకు ఎర్త్‌క్యాష్ సరిపోతుంది. 2004లో మొదలైన రకం ఇది, ఇందులో పెట్టే ఉండదు. ఒక చోటికి వెళ్లి అక్కడి రాయినో నేలనో చూసి, పేజీలో అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపాలి. హైదరాబాద్‌కి ఇంతకంటే సరిపోయే ఆట లేదు. మన గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మౌలాలి గుట్ట మీదో ఖాజాగూడ రాళ్ల దగ్గరో ఒక బండ మీద ఇంకో బండ ఎవరో పేర్చినట్టు నిలబడి ఉంటుంది చూశారా, ఎవరూ పేర్చలేదు, భూమి లోపల గడ్డకట్టిన రాయికి పగుళ్లు వచ్చి, ఆ పగుళ్లలో నీళ్లు దిగి, అంచులు అరిగి గుండ్రమై, చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయాక అలా మిగిలాయి. ప్రొద్దున ఆరింటికి వెళ్తే ఎండ ముదిరేలోగా అయిపోతుంది, తర్వాత ఇరానీ చాయ్ తాగి ఆఫీసుకి కూడా వెళ్లొచ్చు. రియల్ ఎస్టేట్ ఆ రాళ్లను మింగేయకముందే చూడండి.

ప్రశ్న: ఫోన్ చాలా, ప్రత్యేకంగా జీపీఎస్ పరికరం కొనాలా? కొండల మధ్య నా ఫోన్‌లో చుక్క అటూ ఇటూ దూకుతోంది. ఒకసారైతే పూర్తిగా వేరే ఊరు చూపించింది.
— ఉప్పల్ నుంచి

జవాబు: ఫోన్ చాలు. చుక్క దూకడానికి కారణం ఫోన్ కాదు, కొండ. ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, అక్కణ్ణుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. నిలువు బండ పక్కన నిలబడితే సగం ఆకాశం మూసుకుపోతుంది, వచ్చిన సిగ్నల్ కూడా బండకు తగిలి వంకరగా వస్తుంది. కాస్త బయటికి వచ్చి ఒక నిమిషం కదలకుండా నిలబడండి, కుదురుకుంటుంది. సొరంగం లోపల అయితే సిగ్నల్ అసలు రాదు, చుక్క మీరు చివరగా ఆకాశం చూసిన చోటే ఆగిపోతుంది, దాన్ని నమ్మి నడిచినవాళ్లూ ఉన్నారు.

వేరే ఊరు చూపించడం మాత్రం బహుశా మీరు అంకెలు కొట్టిన తీరు వల్ల. ఈ ఆటలో స్థానాన్ని డిగ్రీలు, నిమిషాల్లో ఇస్తారు. చార్మినార్ అయితే ఉత్తరం 17 డిగ్రీల 21.696 నిమిషాలు, తూర్పు 78 డిగ్రీల 28.482 నిమిషాలు, ఇంచుమించుగా. దాన్ని మ్యాప్‌లో 17.21696, 78.28482 అని కొట్టారనుకోండి, అది డిగ్రీల దశాంశంగా తీసుకుని చార్మినార్‌కి నైరుతిగా దాదాపు 26 కిలోమీటర్ల అవతలికి పంపిస్తుంది. నిమిషాల్ని 60తో భాగించి కలపాలి, అప్పుడు 17.3616, 78.4747 వస్తుంది. యాప్‌లో ఫార్మాట్ మార్చుకునే సదుపాయం ఉంటుంది, ముందు అది చూసుకోండి.

అమెరికా నుంచి ఎవరైనా శాటిలైట్‌తో మెసేజ్ పంపే పరికరం తెచ్చిస్తామంటే వద్దనండి. మన దేశంలో శాటిలైట్ ఫోన్లకూ అలాంటి కమ్యూనికేటర్లకూ టెలికాం శాఖ ముందస్తు అనుమతి కావాలి. తెలియక తెచ్చుకున్న విదేశీ టూరిస్టుల్ని ఎయిర్‌పోర్టుల్లో పట్టుకున్న సందర్భాలున్నాయి.

ప్రశ్న: మా పాప, తొమ్మిదేళ్లది, పెట్టెలో సున్నుండలు పెడదామంటోంది. పెట్టొచ్చా?
— ఒక నాన్న, సైనిక్‌పురి

జవాబు: తినేవి ఏవీ పెట్టకూడదు, అది నియమం. చీమలు వస్తాయి, కోతులు డబ్బా ఎత్తుకుపోతాయి, అమెరికా కొండల్లో అయితే ఎలుగుబంట్లు కూడా వస్తాయి. అగ్గిపెట్టె, లైటరు, చాకు, మందులు కూడా వద్దు. గోళీలు, గాజులు, పాత నాణెం, పాప గీసిన చిన్న బొమ్మ ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టండి. పెన్ను ఎండకి ఎండిపోతుంది కాబట్టి పెన్సిలే పెట్టండి, చెక్కిన పెన్సిలు. సున్నుండలు బ్యాగులో వేసుకుని కొండ దిగాక తినండి.